చెషైర్ మీద పుస్తకం రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ రాతప్రతి చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ విమానాలు నడిపిన లెనర్డ్ చెషైర్ లాంటి మనిషిని ఎంచుకోవడం బాగుంది. కానీ మొదటి పేజీలోనే బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద సాహస పతకమైన విక్టోరియా క్రాస్, దాని కింది స్థాయి సైనిక పతకాలైన డి.ఎస్.ఓ. మూడుసార్లు, డి.ఎఫ్.సి. ఒకసారి అని పతకాలన్నీ పరిచేశావు. ఇంతటి వీరుడని ముందే తీర్పు చెప్పేస్తే, తర్వాత ఆయన ఏం చేసినా ‘వీరుడు కదా, చేస్తాడులే’ అనుకుని పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ఆ పట్టీని పుస్తకం చివరికి పంపించు.

ఆ విక్టోరియా క్రాస్ సంగతే చూడు. మామూలుగా అది ఏదో ఒక్క ఘటనలో చూపిన తెగువకి ఇస్తారు. చెషైర్‌కి 1944 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు మాత్రం నాలుగేళ్ళలో వంద బాంబు దాడులు చేసిన తీరును మొత్తంగా లెక్కలోకి తీసుకున్నారు. నువ్వేమో క్లైమాక్స్‌కి పనికొచ్చే ఒక్క రాత్రి కోసం వెతుకుతున్నావు. ఈ జీవితంలో కథంతా మళ్ళీ మళ్ళీ వెళ్ళడంలోనే ఉంది. బ్రిటన్ వైమానిక దళంలో బాంబు దాడులు చూసే విభాగం, బాంబర్ కమాండ్‌లో, విశ్రాంతి ఇచ్చేలోపు పూర్తిచేయాల్సిన ఒక విడత అంటే సాధారణంగా 30 దాడులు. సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు. ఆ అంకె పక్కన పెట్టుకుని చదివితే, ఒక విడత పూర్తయ్యాక కూడా కావాలని మళ్ళీ వెళ్ళినవాడు ఎలాంటివాడో పాఠకుడే తేల్చుకుంటాడు. ‘అసమాన ధైర్యశాలి’ అన్న మాట నువ్వు వాడక్కర్లేదు. (నీ ప్రతిలో అది పేజీకొకటి చొప్పున ఉంది.)

1940 నవంబరు రాత్రి గురించి రాసిన భాగం నాకు నచ్చలేదు. జర్మనీలోని కొలోన్ వైపు వెళ్ళిన విట్లీ అనే బాంబర్ విమానానికి కింది నుంచి పేల్చిన ఫిరంగి గుండు దెబ్బ తగిలింది, లోపలున్న ఫ్లేర్ (వెలుగు కోసం జారవిడిచే మంట) పేలింది, విమానం పక్క భాగం చీలిపోయింది, వైర్‌లెస్ ఆపరేటర్ ఒళ్ళు తీవ్రంగా కాలింది. ఇన్ని జరుగుతుంటే నీ కెమెరా పైలట్ ముఖం మీద నుంచి కదల్లేదు. బాంబర్ విమానం ఒక్కడు నడిపేది కాదు. విట్లీలో అయిదుగురు, తర్వాత వచ్చిన హాలిఫాక్స్‌లో, లాంకాస్టర్‌లో ఏడుగురు. నావిగేటర్ లెక్క తప్పితే పైలట్ ధైర్యం ఎందుకూ పనికిరాదు. తోక చివర గన్నర్ ఒక్కడే చలిలో వెనక్కి తిరిగి కూర్చుంటాడు. వచ్చిన దారి తప్ప వెళ్ళే దారి కనిపించదు. ఆ విమానాన్ని తిరిగి ఇంగ్లండ్ చేర్చినందుకు చెషైర్‌కి డి.ఎస్.ఓ. వచ్చింది. కాలిన మనిషిని మాత్రం నువ్వు సగం వాక్యంలో వదిలేశావు.

హాలిఫాక్స్ సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు, నాకేమో అదే అన్నిటికన్నా ఇష్టం. 1942లో 76వ స్క్వాడ్రన్‌కి అధిపతిగా వెళ్ళేసరికి విమానాలు వరసగా కూలుతున్నాయి. బరువే పెద్ద సమస్య అని గ్రహించి, ముక్కు దగ్గరున్న గన్ టరెట్‌నీ (గన్నర్ కూర్చునే తిరుగుడు తుపాకీ గూడు), నడి వీపు మీద ఉన్నదాన్నీ తీయించేశాడు. ఎగ్జాస్ట్ మంట బయటికి కనబడకుండా పెట్టిన కవర్లు కూడా పీకించాడు. ఆలోచించు, చీకట్లో మంట కనిపిస్తే శత్రువు పసిగట్టేస్తాడు. అయినా కొంత ఎత్తు, కొంత వేగం కలిసొస్తే అదే మేలని లెక్కేశాడు. తుపాకులు తగ్గించి ప్రాణాలు కాపాడాలనుకున్న కమాండర్! ఇలాంటి చోట పది పేజీలు రాసినా ఎవరూ విసుక్కోరు.

అదే కమాండర్, భయంతో ఎగరలేనన్న వాళ్ళని క్షణం ఉంచకుండా స్క్వాడ్రన్ నుంచి పంపించేసేవాడు. వాళ్ళ కాగితాల మీద ఎల్.ఎం.ఎఫ్. అని, అంటే మనోబలం లేదని ముద్ర పడేది. ఇది దాచొద్దు. దీన్ని వెనకేసుకు రావద్దు, తిట్టనూ వద్దు. జరిగింది జరిగినట్టు రాయి.

చెషైర్ తర్వాత నడిపిన 617వ స్క్వాడ్రన్ పేరు రాగానే, అది జర్మనీ ఆనకట్టల్ని బద్దలుకొట్టిన దాడి రాయాలని చెయ్యి లాగుతుంది. అది 1943 మేలో గై గిబ్సన్ నాయకత్వంలో జరిగింది. చెషైర్ వచ్చింది నవంబరులో, అదీ గ్రూప్ కెప్టెన్ హోదా వదులుకుని, ఒక మెట్టు దిగి వింగ్ కమాండర్‌గా. కాబట్టి ఆనకట్టలకి రెండు వాక్యాలు చాలు, మిగిలిన చోటంతా లిమోజ్‌కి ఇవ్వు. 1944 ఫిబ్రవరి 8 రాత్రి, ఫ్రాన్స్‌లోని ఆ ఊళ్ళో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ. లోపల నైట్ షిఫ్టులో ఫ్రెంచి కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. 102 అడుగుల రెక్కలున్న లాంకాస్టర్‌ని కప్పుల మీదుగా తాకుతుందా అన్నంత కిందికి దించి, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తిప్పాడు. పారిపొండని చెప్పడానికి అంతకన్నా మార్గం లేదు. వాళ్ళు బయటపడ్డాకే, వెనక వచ్చే బాంబర్లకి లక్ష్యం చూపించే గుర్తు మంటలు వేశాడు. ఆ రెండు నెలలకే, ఏప్రిల్‌లో, జర్మనీలోని మ్యూనిక్ నగరం మీద మస్కిటో అనే చిన్న విమానంతో డైవ్ చేసి గుర్తులు వేసిందీ ఈయనే. వెనక వచ్చిన లాంకాస్టర్లు ఆ వెలుగులో బాంబులు కురిపించాయి. అక్కడి ఇళ్ళకి లిమోజ్‌లో లాంటి హెచ్చరిక లేదు. ఈ రెండు రాత్రుల్నీ పక్కపక్క అధ్యాయాల్లో పెట్టు, మధ్యలో వ్యాఖ్యానం చెయ్యకు.

ఇక నాగసాకి. ‘అణుబాంబు పడటం కళ్ళారా చూసి, గుండె పగిలి, మిగిలిన జీవితం సేవకి అంకితం చేశాడు’ అని రాశావు. చదవడానికి బాగానే ఉంది, కానీ అది నిజం కాదు. 1945 ఆగస్టు 9న బ్రిటన్ తరఫున పరిశీలకుడిగా వెళ్ళిన మాట నిజమే. ఆయన ఎక్కిన విమానం మిగతా విమానాల్ని కలుసుకోలేకపోయింది, బాంబు పడే సమయానికి చాలా దూరంలో ఉంది. ఆయన చూసింది ఆ దూరం నుంచి కనిపించిన మేఘాన్ని. పైగా ఆ బాంబు యుద్ధాన్ని ముగించి ప్రాణాలు కాపాడిందనే ఆ తర్వాత కూడా వాదించాడు. పశ్చాత్తాపం కథ ఇక్కడ అతకదు, ఎంత ఊరించినా సరే.

సేవ వైపు మళ్ళడం ఇంకా మామూలుగా జరిగింది. మాజీ సైనికుల కోసం పెట్టిన కాలనీ డబ్బుల్లేక మూతపడింది. హాంప్‌షైర్‌లో లె కోర్ట్ అనే పెద్ద ఇల్లు, దాని అప్పులు మిగిలాయి. 1948లో ఆ కాలనీలోనే పనిచేసిన ఒక మాజీ సైనికుడికి క్యాన్సర్ ముదిరింది, ఆస్పత్రి చేసేదేమీ లేదంది. పంపడానికి వేరే చోటు దొరక్క ఇంటికే తీసుకొచ్చి, తనే ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, చివరిదాకా చూసుకున్నాడు. ఆ తర్వాత మరొకరు, ఇంకొకరు వచ్చారు. దీర్ఘరోగుల్నీ వికలాంగుల్నీ చూసుకునే చెషైర్ హోమ్స్ అలా పుట్టాయి. నువ్వు దీన్ని ఒకటిన్నర పేజీలో ముగించావు, ఎందుకంటే విమానం లేదు కాబట్టి.

లిమోజ్, లె కోర్ట్ భాగాలు ముందు తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు, కళ్ళజోడు మార్చినా సన్న అక్షరాలు ఆనడం లేదు.

ఉంటాను,
అన్నయ్య