బుల్లెట్ వేగం ఎక్కడ పుడుతుంది?

ప్రశ్న: ట్రిగ్గర్ నొక్కగానే బుల్లెట్‌కి పూర్తి వేగం ఒక్కసారే వచ్చేస్తుందా? గొట్టం పొడుగైతే వేగం పెరుగుతుందంటారు, నిజమేనా?
– ఎన్‌సీసీ క్యాడెట్, అనంతపురం

జవాబు: ఒక్కసారే రాదు. గోలీని వేలితో కొడితే ఆ దెబ్బతోనే దూసుకుపోతుంది. బుల్లెట్ సంగతి వేరు, గొట్టం పొడవునా వెనక నుంచి వాయువు దాన్ని తోస్తూనే ఉంటుంది.

మన పోలీసుల చేతుల్లో ఏళ్ల తరబడి చూసిన త్రీనాట్‌త్రీ రైఫిల్‌నే లెక్క వేద్దాం. దాని మార్క్ 7 బుల్లెట్ 11.3 గ్రాములు. గొట్టం మూతి దగ్గర వేగం సెకనుకు 744 మీటర్లు. గొట్టం 64 సెంటీమీటర్లు ఉన్నా, తూటా (బుల్లెట్, మందు కలిసి ఉండే గుళిక) కూర్చునే చాంబర్ పోగా బుల్లెట్ పరిగెత్తేది సుమారు 59 సెంటీమీటర్లే. వేగం వర్గాన్ని ఈ దూరానికి రెట్టింపుతో భాగించండి. సగటు త్వరణం 4.7 లక్షల మీటర్లు/సెకను² వస్తుంది, అంటే గురుత్వ త్వరణానికి 48 వేల రెట్లు! దాన్ని బుల్లెట్ ద్రవ్యరాశితో గుణిస్తే 5,300 న్యూటన్లు, అంటే 540 కిలోల బరువంత తోపుడు. ఇదంతా ఒకటిన్నర మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది.

అయితే ఇది సగటు మాత్రమే. తూటా అడుగున ఉండే క్యాప్‌ను పిన్ను కొట్టగానే, దాన్లోంచి వచ్చిన నిప్పు మందును అంటిస్తుంది. ఆ మందు పేలదు, మండుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. పీడనం పెరిగేకొద్దీ మంట జోరెక్కుతుంది, మంట జోరెక్కేకొద్దీ పీడనం ఇంకా పెరుగుతుంది. బుల్లెట్ కొన్ని సెంటీమీటర్లు కదిలేసరికే పీడనం సుమారు 3,000 వాతావరణాలకు, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 3,000 రెట్లకు చేరుతుంది. బుల్లెట్ అడుగు వైశాల్యం 48 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి ఆ క్షణంలో తోపుడు ఒకటిన్నర టన్నుల దాకా ఉంటుంది, సగటుకు దాదాపు మూడు రెట్లు. ఆ తర్వాత బుల్లెట్ పరుగుతో వెనక ఖాళీ త్వరత్వరగా పెరిగిపోతుంది. పుట్టే వాయువు ఆ ఖాళీని నింపలేదు, పీడనం పడిపోతుంది. వేగం మాత్రం పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. మూతి దాటేటప్పటికీ వందల వాతావరణాల పీడనం మిగిలే ఉంటుంది. మనం వినే 'ఢాం' చాలావరకు అదే.

పీడనం ఎప్పుడు ఎంత ఉండాలో మందు పలుకుల ఆకారం తేలుస్తుంది. పాత త్రీనాట్‌త్రీ తూటాల్లో కార్డైట్ అనే మందు అచ్చం సేమ్యా పుల్లల్లా ఉండేది (నీలగిరుల్లోని అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ 1903 నాటిది). పుల్ల మండేకొద్దీ సన్నబడుతుంది, మండే ఉపరితలం తగ్గుతుంది. అదే పుల్ల మధ్యలో బోలుగా ఉంటే బయట తగ్గినంత లోపల పెరిగి, మంట ఇంచుమించు ఒకే తీరుగా సాగుతుంది. ఫిరంగి మందులో ఒక్కో పలుకుకు ఏడేసి బెజ్జాలు పెట్టడం ఇందుకే. అక్కడ ఉపరితలం మండేకొద్దీ పెరుగుతుంది.

ఇక గొట్టం పొడవు. వాయువు తోపుడు రాపిడి కంటే ఎక్కువగా ఉన్నంతవరకే లాభం. మీరు క్యాంపులో పేల్చే పాయింట్ 22 తూటాలో మందు చాలా తక్కువ. అందులో గొట్టం 40–50 సెంటీమీటర్లు దాటాక వేగం పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. త్రీనాట్‌త్రీ గొట్టం ఇంకాస్త పెంచితే కొంత వేగం దక్కుతుంది, మోయడమే కష్టం.

ప్రశ్న: సినిమాల్లో గుండు తగిలినవాడు గాల్లో ఎగిరి పడతాడు. నిజంగా అంత బలం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఉండదు. బుల్లెట్ ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) 0.0113 × 744, అంటే 8.4 కిలో·మీటర్లు/సెకను మాత్రమే. 70 కిలోల మనిషి ఒంట్లోనే అది ఆగిపోయినా అతనికి వచ్చే వేగం సెకనుకు 12 సెంటీమీటర్లు. అంతగా ఎగిరిపడాలంటే పేల్చినవాడూ ఎగరాలి! అతని భుజానికి వాయువు తన్ను కూడా కలుస్తుంది కదా. నాలుగు కిలోల రైఫిల్ కాబట్టి, బుల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగా అది వెనక్కి జరిగేది 2 మిల్లీమీటర్ల లోపే. భుజానికి గట్టిగా ఆనించకపోతే ఆ కొంచెమూ గురి తప్పించడానికి చాలు.

ప్రశ్న: ఫైరింగ్‌లో 'టప్' మని చిన్న చప్పుడు వస్తే వెంటనే ఆపమంటారు. ఎందుకు?
– ఎన్‌సీసీ క్యాడెట్, విజయనగరం

జవాబు: మందు సరిగ్గా అంటుకోక, క్యాప్ బలంతోనే బుల్లెట్ కొంత దూరం పోయి గొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు. ఆ తర్వాత మరొకటి పేలిస్తే అది వెళ్లి మొదటిదాన్ని గుద్దుకుంటుంది. ఆ చోట గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. కాబట్టి వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, మూతిని టార్గెట్ వైపే ఉంచి, చెయ్యెత్తి ఇన్‌స్ట్రక్టర్‌ను పిలవండి. అసలు చప్పుడే రాకపోతే కనీసం 30 సెకన్లు అలాగే పట్టుకుని ఉండాలి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. బోల్ట్ తీశాక గొట్టాన్ని వెనక వైపు నుంచే చూడాలి. మూతిలోకి మాత్రం తొంగిచూడకూడదు.