మణికట్టు బెణుకు అని రాసే ముందు

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

నల్లగొండలో ఎముకల విభాగంలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. తాటిచెట్టు మీది నుంచి జారిన గీత కార్మికులు, 65వ నంబరు జాతీయ రహదారిపై బండి పల్టీ కొట్టి అరచేయి నేలకు ఆనించి పడినవారు నీ దగ్గరికి తరచుగా వస్తారు. వారి ఉబ్బిన మణికట్టును చూసి బెణుకు అని రాసే ముందు ఒక్కసారి మణికట్టు మధ్యలో ఉండే చిన్న ఎముక లూనేట్‌ను తలచుకో.

నేను కొత్తలో, ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు లేదని, ఒక గీత కార్మికునికి కట్టు కట్టి పంపించాను. మూడు నెలలకు తిరిగి వచ్చేసరికి అతని బొటనవేలి మొదట్లోని కండ కరిగి గుంట పడింది. మోకు పట్టడం అటుంచి, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. జారిన లూనేట్ అన్నాళ్లూ మణికట్టు ముందు నుంచి చేతిలోకి వెళ్లే మీడియన్ నరాన్ని నొక్కుతూనే ఉంది. ఆ చేయి నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అందుకే సరిగ్గా పక్క నుంచి తీసిన ఎక్స్‌రే లేకుండా ఎవరినీ ఇంటికి పంపకు. అందులో ముంజేతి ఎముక రేడియస్, దాని మీద లూనేట్, ఆ పైన మరో మణికట్టు ఎముక కాపిటేట్ ఒకే వరుసలో ఉండాలి. లూనేట్ అరచేతి వైపు ఒరిగి, టీ ఒలికిపోయిన కప్పులా కనబడితే అది జారినట్టే. ఎదురు ఫిల్ములో చిన్న ఎముకల అంచుల వెంట సాగే మూడు వంపులు ఎక్కడైనా తెగాయేమో, లూనేట్ ముక్కోణంగా మారిందేమో చూడు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి ఉందా అని అడిగి, జవాబును కేసు షీటులో రాయి.

జారిందని తేలితే తెల్లవారేదాకా ఆగకు. మత్తు ఇచ్చి, చేతిని కొన్ని నిమిషాలు నిదానంగా లాగి, లూనేట్‌ను బొటనవేలితో నొక్కుతూ కూర్చోబెట్టు. తిమ్మిరి తగ్గకపోయినా, పెరిగినా నరాన్ని ఆపరేషన్ చేసి వెంటనే విడిపించాలి. ఎముక కూర్చున్నా, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లను కుట్టి, కె-వైర్లు అనే సన్నని లోహపు తీగలతో నిలపడం తప్పదు.

చూపుడు వేలు అరచేతిని కలిసే కీలు తొలగినప్పుడు మాత్రం ఇలా లాగకు. అరచేతి చర్మం అక్కడ సొట్టపడితే కీలుకు అరచేతి వైపు ఉండే పొర ఎముకల మధ్యలో ఇరుక్కుందని అర్థం. అది ఆపరేషన్‌తోనే వస్తుంది.

పసరు కట్టు కట్టించుకుని ఆలస్యంగా వచ్చినవారిని కసరకు, మళ్లీ రారు. వైర్లు ఉన్నన్నాళ్లూ వేళ్లను కదిలిస్తూ ఉండమని, చీము కనబడితే ఆ రోజే రమ్మని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి పంపు.