సిట్‌అప్స్ చేస్తే నడుము పట్టేస్తోంది... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 33. మాది నంద్యాల. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పొట్ట తగ్గాలని రోజూ నిద్ర లేవగానే సిట్‌అప్స్ (వెల్లకిలా పడుకుని లేచి కూర్చోవడం), లెగ్ రైజెస్ (పడుకుని కాళ్లు పైకెత్తి దించడం) చేస్తున్నాను. పాదాలు మంచం కింద దూర్చి లేస్తాను. పది దాటేసరికి నడుము కింది భాగం పట్టేస్తోంది. కాళ్లలోకి నొప్పి రావడం లేదు. వ్యాయామం మానేయాలా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: నొప్పి కాళ్లలోకి దిగడం లేదన్నారు, అది మంచి మాట. వ్యాయామం మానక్కర్లేదు. సిట్‌అప్స్, లెగ్ రైజెస్ మాత్రం ఇవాళే ఆపేయండి.

పాదాలు ఇరికించి లేస్తే పొట్ట కండరాల కంటే తుంటి ముందున్న కండరాలే ఎక్కువ పని చేస్తాయి. వాటిలో సోయాస్ అనే కండరం ఒక కొస నడుము పూసలకు, మరో కొస తొడ ఎముకకు అతుక్కుని ఉంటుంది. మీరు లేచిన ప్రతిసారీ అది నడుమునే లాగుతుంది. లెగ్ రైజెస్‌లోనూ అంతే. కాళ్లు దించేటప్పుడు నడుము కింద సందు పెరుగుతోందంటే పొట్ట పట్టు తప్పిందన్నమాట. వెన్నెముక మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన కెనడా ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ లెక్క ప్రకారం ఒక్క సిట్‌అప్‌కు నడుము మీద సుమారు 3,300 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. అంటే మూడు క్వింటాళ్లకు పైమాటే. పైగా రాత్రంతా పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి కాబట్టి, లేచిన మొదటి గంటలో ముందుకు వంగే వ్యాయామాలు అసలు వద్దు.

బదులుగా ఇది చేయండి. మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, రెండో కాలు చాపండి. రెండు అరచేతులూ నడుము ఒంపు కింద పెట్టుకోండి. నడుమును చేతుల మీదికి నొక్కకూడదు, ఆ ఒంపు అలాగే ఉండాలి. ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు కండరాలు బిగించి, తల, భుజాలు నేల నుంచి కాస్త లేపితే చాలు. గడ్డం ఛాతీకి ఆనించకండి. అలాగే ఉంచి, పదంకెలు బయటికి వినిపించేలా లెక్కపెట్టి దించండి. ఊపిరి బిగబట్టకుండా ఉండటానికే ఈ లెక్క. ఐదుసార్లయ్యాక కాలు మార్చండి.

ప్లాంక్ (బోర్లా ఉండి ముంజేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం) కూడా మంచిదే, నిమిషాల కోసం పంతం పట్టనంత వరకు. నడుము కుంగిన క్షణమే ఆపేయాలి. మొదట్లో పది సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు చాలు.

సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో కూర్చుని ఇంటికొచ్చి వెంటనే మ్యాట్ పరవకండి, ముందు పది నిమిషాలు నడవండి. ఆఫీసులో అరగంటకోసారి లేచి నిలబడండి. ఇంకో మాట, పొట్ట వ్యాయామాలతో కండరం గట్టిపడుతుంది గానీ దాని మీది కొవ్వు కరగదు. అందుకు రోజూ చురుగ్గా నడక, ఆంధ్రా మెస్‌లో రెండోసారి అన్నం వద్దనడం కావాలి. ఇది చాలామందికి నచ్చదని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

నొప్పి మోకాలు దాటి దిగినా, పాదం తిమ్మిరెక్కినా వ్యాయామం ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. పాదంలో పట్టు తగ్గినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం రావడం కష్టమైనా, ఆపుకోలేకపోయినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇవేవీ లేకుండా నాలుగు వారాలైనా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు ముందు ఒకసారి చేసి చూపించండి. ఎంఆర్ఐ మీ అంతట మీరు తీయించుకోకండి, డాక్టరు పరీక్షించి అవసరమంటే అప్పుడు చూద్దాం.