రహస్య దర్యాప్తు మీద రాజకీయ థ్రిల్లర్ ఒక్కటే చదవాలంటే ఏది చదవమంటారు?

ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో వెలువరించిన 'ది డే ఆఫ్ ది జాకాల్' చదవండి. ముగింపు ముందే తెలిసిన కథలో ఉత్కంఠ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, దానికీ ఈ నవలే జవాబు.

కథాకాలం 1963. ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియాను వదులుకున్నాడని ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మీద పగబట్టిన ఓఏఎస్ అనే రహస్య ముఠా, ఒక ఇంగ్లిష్ కిరాయి హంతకుణ్ణి మాట్లాడుకుంటుంది. వాడి అసలు పేరు, ముఖం పోలీసులకు తెలియవు. పట్టుకునే పని క్లాడ్ లెబెల్ అనే డిటెక్టివ్‌కు అప్పగిస్తారు. అధికారాలన్నీ ఇస్తారు గానీ అంతా గుట్టుగా జరగాలి, పేపర్లలో ఒక్క ముక్క రాకూడదు.

నేపథ్యం కల్పన కాదు. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలోని పెటి క్లామార్ దగ్గర డిగాల్ కారు మీద నిజంగానే కాల్పులు జరిపారు. ఆ పథకం నడిపిన బాస్తియన్ తిరీని 1963 మార్చి 11న కాల్చి చంపారు. నవల ఆ మరణశిక్షతోనే మొదలవుతుంది. ఫోర్సైత్ ఆ రోజుల్లో పారిస్‌లో రాయిటర్స్ విలేఖరి. డిగాల్ 1970లో తన ఇంట్లోనే కన్నుమూశారు కాబట్టి ఆయన హత్య జరగదని మొదటి పేజీ తిప్పకముందే మనకు తెలుసు.

అయినా నన్ను కట్టిపడేసింది ఏమిటో చెబుతాను. నేను విజయవాడలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో కొన్నేళ్లు నైట్ డ్యూటీ చేశాను. పేరు, ఊరు, ఎక్కణ్ణుంచి రాక, ఏం పని, సంతకం. విదేశీయులు దిగితే వాళ్ల వివరాలతో ఫారం సి అనే కాగితాన్ని 24 గంటల్లోపు పంపాల్సి వచ్చేది. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ గారు వచ్చి రిజిస్టరు తిరగేసి వెళ్లేవారు. ఆ కౌంటర్ దగ్గరే ఈ నవల చదివాను. అందులోనూ ఫ్రెంచి హోటళ్లలో దిగినవాళ్లు కార్డు నింపాలి, అవి పోలీసులకు చేరాలి. గాప్ అనే ఊళ్లో హంతకుడి కార్డు బయటపడి, పోలీసులు హోటల్‌కు చేరేసరికి వాడు కారెక్కి వెళ్లిపోయి ఉంటాడు. రాత్రి రాసిన పేరు ఎవరి బల్ల మీదికి ఎప్పుడు చేరుతుందో ఆ పని చేసినవాణ్ణి కాబట్టి, ఆ కొన్ని గంటల తేడా నాకు గుండె దడ పుట్టించింది. డిగాల్ బతుకుతాడా అన్నది కాదు, కాగితం సమయానికి అందుతుందా అన్నదే ఇందులో ఉత్కంఠ.

లండన్‌లో పోలీసులు పాస్‌పోర్టు దరఖాస్తుల గుట్టలు ముందేసుకుని, పసితనంలోనే చనిపోయిన పిల్లల పేర్ల మీద ఎవరైనా పాస్‌పోర్టు తీసుకున్నారా అని ఒక్కొక్కటీ సరిచూస్తారు. ఛేజింగులూ తన్నులాటలూ ఉన్న పుస్తకాలెన్నో చదివాను, వాటిలో ఏదీ నన్ను ఇంత పట్టి కూర్చోబెట్టలేదు. ఇంకోపక్క, ప్రతి రాత్రీ పెద్ద అధికారుల సమావేశంలో లెబెల్ చెప్పిన మాట హంతకుడికి చేరిపోతూ ఉంటుంది. రిజిస్టర్లు నెమ్మదిగా నడుస్తాయి, రహస్యం మాత్రం పరుగెడుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఆడవాళ్ల పాత్రలు చాలావరకు కథకు పనిముట్లే. ఓఏఎస్ హింసను భరించిన అల్జీరియా జనం గొంతు దాదాపు వినిపించదు. ఇంత జాగ్రత్తగా రాసిన నవలలో అది నాకు పెద్ద వెలితి.

1973లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన సినిమా కూడా బాగుంటుంది, కానీ ముందు పుస్తకమే చదవండి. బ్రసెల్స్‌లో తుపాకీ చేయించుకునే భాగం నెమ్మదిగా సాగుతుందని పేజీలు దాటెయ్యకండి. ఆ తుపాకీ ఎన్ని ముక్కలుగా విడిపోతుందో, ఎలాంటి గొట్టాల్లో దాస్తారో గుర్తుంటేనే, చివరి రోజు పారిస్‌లో పోలీసుల కళ్ల ముందు నుంచి ఏం దాటిపోతోందో వాళ్లకంటే ముందు మీకు తెలుస్తుంది.