ఈఎఫ్ 60 అంటే 40 పోయినట్టు కాదు

"రిపోర్టుల్లో, మందుల చీటీల్లో కనిపించే వైద్య పదాలను మామూలు వాళ్లం అర్థం చేసుకోవడం ఎలా? ముందుగా ఏవి నేర్చుకోవాలి?" అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కానీ ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను. రెండేళ్ల కిందట ఒకే ఒక్క అంకె మా ఇంట్లో రెండు రాత్రులు ఎవరికీ నిద్ర లేకుండా చేసింది.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. తెలియని పదాలతో పెద్ద ఇబ్బంది లేదు. 'కోలిసిస్టెక్టమీ' అని రాసి ఉంటే ఎవరైనా నోరు తెరిచి అడుగుతారు, ఇదేంటి సార్ అని. పిత్తాశయం తీసేయడం అని ఆయన చెబుతాడు, అక్కడితో అయిపోతుంది. మనకు తెలిసిన మాటలాగే కనిపించే పదం ఉంటుంది చూడండి, అదే కొంప ముంచుతుంది. అర్థం ముందే తెలుసనుకుంటాం కాబట్టి ఎవరినీ అడగం.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. అప్పుడాయనకు 71. హెర్నియా ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ముందు ఫిట్‌నెస్ కావాలని ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్) రాశారు. శనివారం సాయంత్రం ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఎకో చేసినాయన మొదటి నుంచి చివరి దాకా నోరు విప్పలేదు. "రిపోర్టు వాట్సాప్‌లో వస్తది" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. వచ్చింది, రాత్రి 9.40కి. డాక్టర్ మళ్లీ దొరికేది సోమవారం పొద్దున. ఈ రిపోర్టులకు శనివారం రాత్రి తప్ప వేరే ముహూర్తం దొరకదేమో.

నేను చేసిన మొదటి తప్పు ఆ పీడీఎఫ్‌ను ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం.

ఐదు నిమిషాల్లో చిన్నాన్న ఫోన్. ఆయన భువనగిరిలో ఉంటారు, హెడ్‌మాస్టర్‌గా చేశారు, మార్కులూ శాతాలూ ఆయన ఇలాకా. "ఎల్‌వీఈఎఫ్ అరవై శాతం అని ఉన్నది చూసినవా? అన్న గుండె అరవై శాతమే పనిచేస్తున్నదిరా. నలభై పోయింది" అన్నారు. అంతటితో ఆగలేదు. "ఇంకోటి, నో ఆర్‌డబ్ల్యూఎంఏ అని రాసిండ్రు. అది లేకుంటే ఎట్లరా?"

అదేంటో ఇద్దరికీ తెలియదు. కానీ ఏదో ఉండాల్సింది నాన్న గుండెలో లేదన్న సంగతి మాత్రం ఖాయమైపోయింది.

నా రెండో తప్పు ఫోన్ స్పీకర్‌లో పెట్టడం. నాన్న పక్కనే కూర్చుని మొత్తం విన్నారు. ఆయనకు శాతం అంటే ఒక్కటే, ఓఆర్. ఆర్టీసీలో ఆక్యుపెన్సీ రేషియో అంటారు, బస్సులో ఉన్న సీట్లలో ఎన్ని నిండాయన్న లెక్క. ముప్పై ఏళ్లు ఆ అంకెతోనే బతికారు. "అరవై ఓఆర్ అంటే అంతంత మాత్రం రూటే బిడ్డా" అన్నారు మెల్లగా.

అన్నం సగంలో లేచారు. రాత్రి పదకొండింటికి నన్ను లేపి బీరువా లోపలి అర తాళం ఎక్కడుంటుందో చూపించారు. ఎఫ్‌డీలు ఎన్ని, నామినీ ఎవరు, ఘట్‌కేసర్ దగ్గరి ప్లాటు కాగితాలు ఏ కవర్లో ఉన్నాయి, చిట్టీ ఇంకా ఏడు నెలలు కట్టాలి, అన్నీ వరుసగా చెప్పారు. "ఇప్పుడివన్నీ ఎందుకు నాన్నా" అంటూనే నేను అన్నీ గుర్తుపెట్టుకున్నాను, అబద్ధం ఎందుకు. ఆదివారం వాకింగ్ మానేశారు. మేం ఉండేది రామంతాపూర్‌లో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. దిగితే మళ్లీ ఎక్కాలి కదా అని పాలప్యాకెట్‌కు కూడా కిందికి పోలేదు. అమ్మ యాదగిరిగుట్టకు మొక్కుకుంది.

నేను గూగుల్ తెరిచాను. ఈఎఫ్ అని కొట్టగానే 'హార్ట్ ఫెయిల్యూర్' అన్న మాట కనిపించింది. అక్కడితో ధైర్యం అయిపోయింది, కిందికి చదవలేదు. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదనీ, ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడమనీ తర్వాత తెలిసింది. 'ఫెయిల్' అంటే ఏంటో మనకు ఇంటర్ రిజల్ట్స్ నాడే స్థిరపడిపోయింది మరి.

సోమవారం డాక్టరమ్మ రిపోర్టు అలా చూసి, "గుండె బాగుంది పెద్దాయనా, ఆపరేషన్ చేయించుకోవచ్చు" అన్నారు. నాన్న నమ్మలేదు. "అరవై శాతమే కదమ్మా" అన్నారు. ఆమెకు నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నారు. రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో ఒక సంచి బొమ్మ గీశారు. గుండె ఎడమవైపు కింది గది నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి, ఒక్కసారి కొట్టుకుంటే అందులో 70 దాకా బయటికి నెడుతుంది. మిగతాది లోపలే ఉంటుంది, ఎవరి గుండె అయినా అంతే. బయటికి పోయిన వాటా ఎంత శాతమో అదే ఈఎఫ్. దాని ముందున్న ఎల్‌వీ అంటే ఆ ఎడమవైపు కింది గదే. సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలు. నూటికి నూరు ఎవరికీ రాదు.

నాన్న ఆ బొమ్మను కాసేపు చూశారు. "అంటే అంబర్‌పేటలో బస్సు ఆగితే అందరూ దిగరు. సగానికి ఎక్కువ దిగుతరు, మిగిలినోళ్లు లోపలే కూసుంటరు. అంతేనా?"

"అంతే."

"అయితే ఇది ఓఆర్ కాదు" అన్నారు నావైపు తిరిగి, ఓఆర్ అన్నది నేనే అయినట్టు.

ఆ ఆర్‌డబ్ల్యూఎంఏ సంగతి కూడా అడిగాను. గుండె గోడలో ఏదైనా ఒక భాగం సరిగా కదలకపోతే దాన్ని అలా అంటారట. అది 'నో' అని ఉండడమే మనకు కావాల్సింది. ఇంకో లైన్లో 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్ఫంక్షన్' అని ఉంది. దాన్ని మాత్రం మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, గ్రేడ్ వన్ అంటే ఫస్ట్ క్లాసే కదా అని అమ్మ తేల్చేసింది. నిజానికి మొత్తం రిపోర్టులో కాస్త తేడాగా ఉన్నది అదొక్కటే. వయసు మీద పడ్డాక గుండె కండరం కొంచెం బిరుసెక్కి, రక్తం నింపుకోవడానికి వదులవడం నెమ్మదిస్తుంది. గ్రేడ్ 1 అంటే అందులో అన్నిటికన్నా తక్కువది. ఆ వయసులో చాలామందికి ఉంటుంది, బీపీ అదుపులో పెట్టుకోండి చాలు అన్నారామె. మంచిదాన్ని చూసి రెండు రాత్రులు ఏడ్చాం, కాస్త చూసుకోవాల్సినదాన్ని ఫస్ట్ క్లాస్ అనుకున్నాం.

ఇంకా సిగ్గుపడే విషయం చెప్పనా? ఆ రిపోర్టు అడుగున, ఇంప్రెషన్ అని, అంటే మొత్తం మీద తేలిందేమిటో రాసే చోట, 'గుడ్ ఎల్‌వీ సిస్టాలిక్ ఫంక్షన్' అని ఉంది. ఆ ఎడమ గది రక్తాన్ని బాగానే నెడుతోందని. 'గుడ్' అన్న మాట ఎల్‌కేజీ పిల్లకు కూడా తెలుసు. ఎవరూ అక్కడిదాకా పోలేదు. కాబట్టి ఏ స్కాన్ రిపోర్టు వచ్చినా ముందు అడుగున ఉన్న ఇంప్రెషన్ చదవండి, పై అంకెలు తర్వాత. రక్తపరీక్షల కాగితంలో పక్కనే మామూలు ఎంత ఉండాలో వేస్తారు కదా, మా ఎకో కాగితంలో ఆ ముక్క లేదు. '55 నుంచి 70' అని ఒక్క మాట అచ్చేస్తే ఇంకు ఏం ఖర్చవుతుంది?

చిన్నాన్నకు ఇంత జరిగినా బుద్ధి రాలేదు. తర్వాత ఆయనే కడుపు స్కానింగ్ తీయించుకున్నారు. 'పాంక్రియాస్ అన్‌రిమార్కబుల్' అని వచ్చింది. జీవితమంతా ప్రోగ్రెస్ కార్డుల్లో రిమార్క్స్ రాసిన మనిషి, తన క్లోమానికి రిమార్క్ కూడా రాయలేదని బాధపడ్డారు. చెప్పుకోవాల్సిన తేడా ఏమీ లేదని దాని అర్థం. డాక్టర్ల ఇంగ్లిష్‌లో దీనికి మించిన శుభవార్త లేదని నేనంటాను.

ఇవన్నీ నవ్వుకునేవి. నవ్వలేనిది మా పిన్ని కథ. ఆమె చీటీలో 'ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్' అని రాశారు. పిన్ని అర్థం చేసుకున్నది, టెన్షన్ మరీ ఎక్కువైందని. అప్పుడు వాళ్లమ్మాయి పెళ్లి పనులు నడుస్తున్నాయి, నిజంగానే టెన్షన్. పెళ్లయిపోయింది, పిల్ల అత్తారింటికి వెళ్లింది, పిన్ని గోళీలు ఆపేసింది. "ఇప్పుడు నాకేం టెన్షన్ ఉంది?" అనేది అడిగితే. నాలుగు నెలల తర్వాత బస్తీ దవాఖానాలో ఊరికే చూపించుకుంటే 180/110. హైపర్‌టెన్షన్ అంటే మనసులో టెన్షన్ కాదు, రక్తనాళాల్లో రక్తపు ఒత్తిడి ఎక్కువగా ఉండడం, అంటే మనం బీపీ అనేదే. ప్రశాంతంగా కూర్చుని పూజ చేసుకునే మనిషికీ ఉంటుంది, చాలాసార్లు ఏ బాధా తెలియదు. ఇక ఆ 'ఎసెన్షియల్' అంటే అవసరమైనది అని కాదు. ఇదీ కారణం అని వేలెత్తి చూపించడానికి ఒక్కటీ దొరకనప్పుడు అలా రాస్తారు. కారణం తెలియకపోవడానికి ఇంత గంభీరమైన పేరు పెట్టినవాడెవడో గానీ దండం పెట్టాలి.

ఇప్పుడు నా అసలు కోపం. టీవీ వాళ్లు. 'హార్ట్ స్ట్రోక్‌తో మృతి' అని కింద స్క్రోలింగ్ వేస్తారు. హార్ట్ స్ట్రోక్ అనేది లేదు! స్ట్రోక్ మెదడుకు వచ్చేది, మన పక్షవాతం. మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోతేనో చిట్లితేనో వస్తుంది. గుండెకు వచ్చేది గుండెపోటు, హార్ట్ అటాక్. గుండె కండరానికి రక్తం అందకపోవడం అది. ఉన్నట్టుండి గుండె కొట్టుకోవడమే ఆగిపోతే కార్డియాక్ అరెస్ట్, అది మళ్లీ వేరు. పేరులో ఏముందిలే అనుకోకండి. మూతి వంకరపోయి, ఒక చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తుంటే "ఛాతీలో నొప్పి లేదు కదా, స్ట్రోక్ కాదులే" అని ఇంట్లో పడుకోబెట్టేవాళ్లు ఉన్నారు, మా కాలనీలోనే ఉన్నారు. మూసుకుపోయిన నాళంలో గడ్డను కరిగించే ఇంజక్షన్‌ను ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆ టైమ్‌లో సగం ఈ హార్ట్ స్ట్రోక్ అన్న ముక్క తినేస్తోందని నా గట్టి నమ్మకం.

మందుల చీటీ అక్షరాల గురించి కూడా ఒక మాట. నా ఉద్యోగం అకౌంట్స్ కాబట్టి టీడీఎస్ అంటే పన్ను కోత, ఓడీ అంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్. చీటీలో టీడీఎస్ అంటే రోజుకు మూడుసార్లు, ఓడీ అంటే ఒక్కసారి, బీడీ అంటే రెండుసార్లు. లాటిన్ మాటల పొట్టి రూపాలు ఇవి. 'ఎస్‌ఓఎస్' చూసి మా అమ్మ ప్రాణాపాయం వస్తే వేసుకునే గోళీ అనుకుని దాచిపెట్టింది, మోకాళ్ల నొప్పితో మూలుగుతూ. అవసరమైతే వేసుకోండి అని దాని అర్థం, అంతే. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే క్యాపిటల్ లెటర్స్‌లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే చెప్పింది. మా వీధి మెడికల్ షాపు అబ్బాయి మాత్రం ఇప్పటికీ చీటీని ట్యూబ్‌లైట్ కిందికి పట్టుకుని చదువుతాడు.

వానాకాలం వస్తే ప్లేట్‌లెట్ల గోల. మా ఆఫీసులో ఒకతని రిపోర్టులో '162' అని వచ్చింది. లక్షల్లో ఉండాల్సినవి నూట అరవై రెండా అని బొప్పాయి ఆకుల కోసం బోడుప్పల్ అంతా తిరిగాడు. పక్కన చిన్నగా 'వేలల్లో' అని అర్థం వచ్చే గుర్తు ఉంది. అంటే 1 లక్షా 62 వేలు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా మామూలే. అంకెను చూసే ముందు దాని పక్కనున్న తోకను చూడాలి.

ఆ మాటకొస్తే కొన్ని పేర్లు పెట్టడమే తప్పుగా పెట్టారు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడు గాలి. గాలి కాదు దోమ అని తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. దోమ కడుపులో మలేరియా క్రిమిని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ చూసింది ఆ రోజే. ఆయన పేరుతో బేగంపేటలో సంస్థ ఉంది. నేను దాని పక్క నుంచే రోజూ ఆఫీసుకు పోతాను. అయినా పేరు మారలేదు, ఇంకా చెడు గాలే.

ఏవి నేర్చుకోవాలి అన్నారు కదా. నన్నడిగితే ఏదీ బట్టీ పట్టకండి. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు "ఇది ఈ వయసుకు మామూలేనా? నేను ఏమైనా చేయాలా?" అని తెలుగులోనే అడగండి. వెనకాల క్యూ ఉందని మొహమాటపడకండి, మా డాక్టరమ్మ ఆ సంచి బొమ్మ గీయడానికి రెండు నిమిషాలు పట్టింది.

నాన్న ఆపరేషన్ బాగా జరిగింది. గుట్టకు వెళ్లి మొక్కు కూడా తీర్చాం, మొక్కుకున్నాక మానడానికి లేదు కదా. పోయిన నెల మళ్లీ ఎకో తీస్తే 58 వచ్చింది. ఆ రెండు అంకెల తేడా లెక్కలోకి రాదన్నారు డాక్టరమ్మ. నాన్న సరేనన్నారు గానీ, ఇంటికొచ్చి డైరీలో తేదీ వేసి 58 అని రాసుకుని, పక్కన "సోమవారం, రద్దీ తక్కువ" అని రాశారు.