వైజాగ్ సంగతి తర్వాత, ముందు చీరల కింద ఫైలు బయటికి తియ్యి

ఉత్తరం:
మాది ఒడిశాలోని రాయగడ. మా ఆయనకి పేపరు మిల్లులో ఉద్యోగం. పెళ్ళై రెండేళ్ళు, నాకిప్పుడు ఐదో నెల. కాన్పుకి ముందు ఒక్కసారి ఇద్దరమే వైజాగ్ వెళ్ళి శని, ఆదివారాలు గడిపి రావాలని టికెట్లు తీసుకున్నాం. కడుపుతో ఉన్నవాళ్ళు ఏరు దాటకూడదని, భార్య కడుపుతో ఉంటే మగవాడు సముద్రంలో దిగకూడదని మా అత్త ఎప్పుడూ అంటుంది. ఆమె మొదటి బిడ్డ ఏడో నెలలో గుణుపురం బస్సు ప్రయాణం చేసొచ్చాక పోయిందట. అందుకని మా ఆయన, 'టిఫా స్కాన్ (ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) వైజాగ్‌లో తీయించాలన్నారని చెబుదాం, అప్పుడు అమ్మ కాదనదు' అన్నారు. నిజానికి ఆ స్కాన్ పది రోజుల కిందట ఇక్కడే అయిపోయింది, అంతా బాగుందన్నారు. రిపోర్టు బీరువాలో చీరల కింద పెట్టాం. అత్త రోజూ మజ్జిగౌరమ్మ కుంకుమ నాకు పెట్టి, కడుపు మీద చెయ్యి ఆనించి చూస్తుంది. చిరాకేస్తోంది. ఐదో నెలలో రైలెక్కొచ్చా? అత్తని ఎలా ఒప్పించాలి?

జవాబు:
అమ్మా, రైలు సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. నాలుగో నెల దాటాక, ఏడో నెల నిండేలోపు ఉండే రోజులే ప్రయాణానికి కాస్త అనువైనవి. వేవిళ్ళు తగ్గుతాయి, పొట్ట ఇంకా బరువెక్కదు. ఎరుపు కనబడటం, బీపీ పెరగడం, మాయ కిందికి ఉండటం లాంటివి నీకు లేకపోతే డాక్టరమ్మ వెళ్ళిరమ్మనే అంటుంది. ఆమె వద్దంటే టికెట్లు కేన్సిల్ చేసుకో. ఇది నన్ను అడగాల్సిన ప్రశ్న కాదని నీకూ తెలుసు.

నీ ఉత్తరంలో నన్ను కదలనివ్వకుండా పట్టుకున్నది ఆ బీరువా. 'స్కాన్ అయిపోయింది, అంతా బాగుందన్నారు' అని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయావు. ఒక్కసారి ఆగి చూడు. ఒక బిడ్డని కడుపులోనే పోగొట్టుకున్న తల్లి నీ ఇంట్లో ఉంది. రోజూ గుడి నుంచి కుంకుమ తెచ్చి నీ నుదుట పెట్టి, నీ పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూస్తోంది. నీకు చిరాకేస్తోందన్నావు. ఆ చెయ్యి దేనికోసం వెతుకుతోందో ఆలోచించావా? బిడ్డ కదులుతోందో లేదోనని. ఆమె భయం తీర్చే కాగితం నాలుగడుగుల దూరంలో చీరల కింద ఉంది. పది రోజులుగా ఉంది.

మీ ఆయన ఏం చేశాడో చూడు. రెండు రోజులు భార్యతో బయటికి వెళ్ళాలనుకున్నాడు. సంతోషం. ఆ మాట తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. అందుకని పుట్టబోయే బిడ్డ పేరు మీద అబద్ధం కట్టాడు. వైజాగ్‌లో స్కాన్ తీయించాలన్నారంటే ఆ తల్లి చెవికి ఎలా వినబడుతుంది? ఇక్కడి డాక్టర్లకి ఏదో అనుమానం వచ్చిందని వినబడుతుంది. శనివారం పొద్దున మీరు రైలెక్కిన దగ్గర్నుంచి ఆదివారం రాత్రి తలుపు తట్టేదాకా ఆమె ముద్ద మింగదు. మీరు బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీ తింటున్న వేళకి ఆమె దేవుడి గూడు ముందు కూర్చుని ఉంటుంది. ఇది నాకు చాలా పెద్ద తప్పుగా కనబడుతోంది, మెత్తగా చెప్పలేకపోతున్నాను.

ఇంకొకటి మీ ఇద్దరికీ తట్టినట్టు లేదు. స్కాన్ కోసమని రాష్ట్రం దాటి వెళ్ళారంటే వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు? ఆడో మగో చూపించుకోవడానికి వెళ్ళారనుకుంటారు. అది 1994 నాటి చట్టం నిషేధించిన పని. చెయ్యని నేరానికి మాట పడతారు. ఆ మాట మీ ఆయన మీదికి రాదు, నీ మీదికి వస్తుంది. అబద్ధం బయటపడిన రోజు కూడా అంతే. 'మావాడికి ఇవన్నీ తెలియవు, కోడలే నేర్పింది' అంటారు. ఎన్ని ఇళ్ళలో చూశానో!

అందుకే చెబుతున్నాను, మీ ఇంట్లో సమస్య నీకూ మీ అత్తకీ మధ్య లేదు. మీ ఆయనకీ ఆయన తల్లికీ మధ్య ఉంది. అతను చెడ్డవాడని నేననను. నిన్ను తీసుకెళ్ళాలనుకున్నాడు, టికెట్లు తీశాడు, పాపం ప్రేమ ఉన్నవాడే. కానీ తల్లితో ఎదురుగా కూర్చుని 'అమ్మా, నేనూ తనూ రెండు రోజులు ఊరెళ్ళి వస్తాం' అనడం అతనికి రాదు. మిల్లులో పదిమందితో ఒడియాలో, తెలుగులో గలగలా మాట్లాడేవాడే ఇంట్లో గడప దగ్గర మూగవాడైపోతాడు. ఇవాళ వైజాగ్. రేపు పురుడు పుట్టింట్లోనా ఇక్కడా? బిడ్డకి ఎవరి పేరు? నువ్వు మళ్ళీ ఉద్యోగం అంటే? ప్రతిసారీ అతను ఓ కథ అల్లుతాడు, నువ్వు దాన్ని మోస్తావు. అలా మోయడానికి నువ్వు ఒప్పుకోకూడదు.

అత్తని ఎలా ఒప్పించాలి అన్నావు. ఒప్పించొద్దు. నువ్వసలు ఆ విషయం ఎత్తొద్దు. పెళ్ళైనవాళ్ళు ఇద్దరూ కలిసి ఊరెళ్ళడానికి అనుమతి అక్కర్లేదు, చెప్పి వెళ్ళడం మాత్రం కావాలి. ఆ చెప్పేది కొడుకే. నువ్వు వెళ్ళాలనుకోవడం తప్పని నేను ఒక్క క్షణం కూడా అనుకోను. బిడ్డ పుట్టాక కొన్నేళ్ళ దాకా మీ ఇద్దరికీ ఇద్దరిగా కూర్చునే తీరిక దొరకదు.

మీ అత్తగారి పట్టింపులకి నవ్వకు. మన నాగావళికి వంతెనలు లేని కాలంలో వరదలో పడవెక్కి నిండు చూలాలు ఏరు దాటితే ఏమయ్యేదో, అవతల ఒడ్డున నొప్పులొస్తే ఎవరు చూసేవారో ఊహించు. ఆ మాట అలా పుట్టిందనే నాకనిపిస్తుంది. ఇప్పుడు రైలు ఆ ఏటిని నిమిషంలో దాటేస్తుంది. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దారిలోనే ఉంటాయి, అన్నిచోట్లా ఆసుపత్రులున్నాయి. ఈ మాట కొడుకు నెమ్మదిగా చెబితే ఆమె వింటుంది. సముద్రంలో దిగనని కూడా అతను తల్లికి మాటివ్వాలి, ఇచ్చాక నిలబెట్టుకోవాలి. ఆర్కే బీచ్‌లో అలల లాగుడికి ఎంతమంది కొట్టుకుపోయారో అందరికీ తెలుసు. ఒడ్డున కూర్చుంటే చాలు.

ఆ గుణుపురం బస్సు గురించి మీ ఇంట్లో ఎవరైనా ఆమెతో ఎప్పుడైనా మాట్లాడారా? బిడ్డ ఎందుకు పోయిందో ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. అందుకని ఆ బస్సెక్కినందుకు ఇన్నేళ్ళుగా తనని తానే తిట్టుకుంటూ ఉంటుంది. నువ్వు ప్రయాణం అన్నప్పుడల్లా ఆమెకి కనబడేది నీ రైలు కాదు.

వెళ్తే ఇలా వెళ్ళు. కింది బెర్త్ తీసుకో, గంటా గంటన్నరకి లేచి నాలుగడుగులు వెయ్యి, నీళ్ళు తాగు. కాళ్ళు వేలాడేసి గంటల తరబడి కూర్చోవడం నీకు మంచిది కాదు. మందులు, స్కాన్ ఫైలు, మదర్ కార్డు చేతిసంచిలో ఉండాలి, సూట్‌కేసులో వద్దు. వైజాగ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం బయటి నుంచే చూడు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి వంగి, కాలెత్తి దాటాలి, అది నీకు ఇప్పుడు వద్దు. సింహాచలం వెళ్తే మెట్లెక్కకుండా బస్సులో కొండెక్కు. నొప్పిగానీ, ఎరుపుగానీ కనబడితే హోటల్ గదిలో ఆలోచిస్తూ కూర్చోకు, 108కి ఫోన్ చెయ్యి. పెద్దాసుపత్రి కేజీహెచ్, ఆడవాళ్ళ ఘోషా ఆసుపత్రి రెండూ ఊళ్ళోనే ఉన్నాయి.

ఇవన్నీ ఆ ఫైలు బయటికొచ్చాకే. ఈ రాత్రి అన్నాలయ్యాక చీరల కింద నుంచి తీసి మీ ఆయన చేతిలో పెట్టు, నువ్వు వంటింట్లోకి వెళ్ళిపో. పది రోజులు ఎందుకు దాచాడో తల్లికి అతనే చెప్పుకోవాలి. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఒక్కో లైను ఆమెకి తెలుగులో చదివి చెప్పాలి, వెన్ను బాగుంది, చేతులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి అని. గుండె కొట్టుకునే లెక్క దగ్గర కాస్త ఆగమను. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలంటారు. మీ బిడ్డది ఎంతుందో ఆ అంకె ఆమెకి రెండుసార్లు చెప్పమను.