అమ్మను బర్నింగ్ మ్యాన్‌కి తీసుకుపోయాం, మీరూ తీసుకుపోండి

మీరు అడిగింది ఇది. ఆగస్టులో కాలిఫోర్నియాలో అన్నయ్య వాళ్ళింటికి పోతున్నాం, ఎనిమిదేళ్ళ బాబు, అరవై దాటిన అమ్మానాన్న కూడా వస్తున్నారు, నెవాడా ఎడారిలో వారం పాటు జరిగే, పెద్ద చెక్క మనిషిని కాల్చే బర్నింగ్ మ్యాన్ పండగకి ఫ్యామిలీతో పోవచ్చా అని. ఇంతకు ముందు జవాబు రాసిన వాళ్ళంతా వద్దంటే వద్దన్నారు, అది తాగేవాళ్ళ జాతర అన్నారు, వాళ్ళలో ఒక్కరు కూడా పోయొచ్చినట్టు నాకు కనపడలా. మేం 2023లో పోయాం. మావారు, నేను, పదకొండేళ్ళ మా పాప, అరవయ్యారేళ్ళ మా అమ్మ, అక్కడ శాక్రమెంటోలో ఉండే మా తమ్ముడు, మరదలు. వాన పడి అందరూ బురదలో ఇరుక్కుపోయారని టీవీల్లో చూపించారే, అదే సంవత్సరం. అయినా సరే పొమ్మనే చెప్తా.

ముందు స్కూలు సంగతి చెప్పాల. మనకి ఎండాకాలం సెలవులు జూన్‌కి అయిపోతాయి, వాళ్ళ సమ్మర్ సెప్టెంబర్ మొదటి సోమవారం దాకా సాగుతుంది, ఈ పండగేమో సరిగ్గా దానికి ముందు వారం. పాపకి నెల రోజులు సెలవు కావాలని అడిగితే నెల్లూరులో మా స్కూలు వాళ్ళు నేనేదో నేరం చేసినట్టు మాట్లాడారు, ఐదో క్లాసు యూనిట్ టెస్టులు పోతాయంట. పిల్ల అమ్మమ్మతో కలిసి ఒక దేశం చూసి రావడం కంటే యూనిట్ టెస్ట్ ఎక్కువా? ఆ మాట మీదే ఇప్పటికీ ఉన్నాను. మీ బాబుకి కూడా ఇదే తంటా వస్తుంది, లెటర్ రాసిచ్చి వెళ్ళిపోండి.

యోసెమిటీ చూశాం, లేక్ తాహో చూశాం, బాగున్నాయి, వాటి గురించి అందరూ రాస్తారు. రీనోలో నీళ్ళ క్యాన్లు, సైకిళ్ళు, కూరగాయలు కొనుక్కుని అద్దెకి తీసుకున్న ఆర్వీలో, అంటే లోపలే పడకలు, టాయిలెట్ ఉండే పెద్ద బండిలో, ఉత్తరానికి బయల్దేరాం. పిరమిడ్ లేక్ దగ్గర ఉండేది పైయూట్ తెగ వాళ్ళు, ఆ రోడ్డు పక్కన ఫ్రై బ్రెడ్ వేసి అమ్ముతుంటే అమ్మ ఒకటి తిని "పూరీనే గదా అబ్బయా, కాస్త మందంగా ఒత్తారు" అంది. ఇంకా పైకి పోతే గెర్లాక్ అని చిన్న ఊరు, అది దాటితే బ్లాక్ రాక్ ఎడారి. ఎడారి అంటే ఇసక అనుకోవద్దు, ఒకప్పటి సరస్సు ఎండిపోయిన అడుగు అది, ముగ్గుపిండి లాంటి తెల్లటి మెత్తటి దుమ్ము, గాలి లేస్తే ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడడు. గేటు దగ్గర గంటలు గంటలు లైన్లో ఉన్నాక కొత్తగా వచ్చిన వాళ్ళ చేత గంట కొట్టించి "వెల్‌కమ్ హోమ్" అని వాటేసుకున్నారు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి అమ్మని వాటేసుకుంటే అమ్మ కాసేపు బిగుసుకుపోయి, తర్వాత తనే ఆమె వీపు నిమిరింది.

పిల్లల సంగతి అడిగారు. బట్టల్లేకుండా తిరిగేవాళ్ళు ఉంటారు, దాచడం ఎందుకు. మా పాపకి రీనోలోనే కూర్చోబెట్టి చెప్పాం, ఒక పూట వింతగా చూసింది, తర్వాత పట్టించుకోలా. పిల్లలున్న కుటుంబాలకి కిడ్స్‌విల్ అని పెద్ద క్యాంపే ఉంది, మేం దాని దగ్గర్లోనే దిగాం. పెద్దవాళ్ళకి టికెట్ ఆ సంవత్సరం 575 డాలర్లు, బండికి వేరే పాస్, పన్నెండేళ్ళ దాకా పిల్లలకి డబ్బుల్లేవు. నీళ్ళు మనిషికి రోజుకి ఒకటిన్నర గ్యాలన్లు, అంటే ఐదున్నర లీటర్ల పైనే, మనమే మోసుకుపోవాల, లోపల ఐస్ తప్ప ఇంకేదీ అమ్మరు. టీ కొట్టు లేదు, నీళ్ళ బాటిల్ కూడా కొనుక్కునే దారి లేదు. డెబ్భై వేల మందికి పైగా ఉన్న ఊర్లో ఆ ఐస్‌కి తప్ప ఒక్క రూపాయి చేతులు మారదు, అందరూ ఒకరికొకరు ఏదో ఒకటి ఇచ్చుకుంటా ఉంటారు, ఒకడు పాన్‌కేక్ వేసిస్తాడు, ఒకామె సైకిల్ పంక్చర్ వేసిస్తుంది, ఎందుకు అని అడిగితే ఎందుకేంది అన్నట్టు చూస్తారు.

ఇది విని ఇదెక్కడి చోద్యం అనేవాళ్ళు మన రొట్టెల పండగ చూడని వాళ్ళు. మా ఇంటికి రెండు కిలోమీటర్లలో బారాషహీద్ దర్గా, మొహర్రంకి స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒకరి చేతిలో రొట్టె ఒకరు తీసుకుంటారు. కోరిక తీరినోళ్ళు ఇస్తారు, కోరిక ఉన్నోళ్ళు తీసుకుంటారు, హిందువులా తురకలా అని చూడరు, రేటు లేదు. 2022లో అమ్మ ఆరోగ్య రొట్టె తీసుకుంది, మరుసటేడు జూలై ఆఖర్లో అదే చెరువులో రొట్టె ఇచ్చి, తర్వాత మూడు వారాలకి ఫ్లైటెక్కింది. అందుకే ఆ ఎడారిలో మా అందరికంటే ముందు విషయం అర్థమైంది అమ్మకే. మనకి వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది, అది చెత్త ఎత్తడం. రొట్టెల పండగ అయిపోయిన మర్నాడు ఆ చెరువు గట్టు చూస్తే కడుపు తరుక్కుపోద్ది, బర్నింగ్ మ్యాన్‌లో జనం పండగయ్యాక నేల మీద వంగి మెరుపు ముక్కలు, దారప్పోగులు కూడా ఏరుకుంటారు. మనం ఎందుకు చెయ్యలేం? చెయ్యగలం.

అసలు నేను చెప్పాలనుకున్నది టెంపుల్ గురించి. మ్యాన్ అని ఊరి మధ్యలో పెద్ద చెక్క మనిషి ఉంటాడు, 1986లో లారీ హార్వీ, జెర్రీ జేమ్స్ శాన్ ఫ్రాన్సిస్కో బీచ్‌లో ఎనిమిదడుగుల బొమ్మ కాల్చడంతో మొదలైంది, 1990లో ఎడారికి తెచ్చారు, ఫోటోల్లో అందరూ చూసేది ఆయన్నే. ఆయన వెనక ఇంకాస్త దూరంలో చెక్కతోనే గుడి కడతారు. అందులో దేవుడు ఉండడు. పోయినవాళ్ళ ఫోటోలు, ఉత్తరాలు, చిన్నపిల్లల చొక్కాలు, కుక్క గొలుసులు తెచ్చి పెట్టుకుంటారు, గోడల మీద రాసుకుంటారు, ఆఖరి రోజు దాన్నంతా కాల్చేస్తారు.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. నెల్లూరు-కావలి, నెల్లూరు-ఆత్మకూరు బస్సుల్లో ఇరవై ఎనిమిదేళ్ళు. చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిస్తారు గదా, కొంతమంది తీసుకోకుండానే దిగిపోతారు. ఆ డబ్బులు నాన్న తన జేబులో వేసుకోడు, ఒక చిన్న పాకెట్ పుస్తకంలో రాసుకునేవాడు, పేర్లు తెలియవు కాబట్టి గుర్తులు రాసేవాడు. 'రాజుపాలెం, తెల్ల గెడ్డం, 3 రూ.' 'సంగం, ఇద్దరు పిల్లల తల్లి, 6 రూ.' మళ్ళీ ఆ మనిషి బస్సెక్కితే ఇచ్చేసి గీత కొట్టేవాడు. కొట్టని గీతలు చాలానే మిగిలిపోయాయి. 2021 మేలో రెండో వేవ్‌లో పోయాడు. ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు, చివరికి మూటగట్టి ఇచ్చారు, పెన్న ఒడ్డున మేం నలుగురం. అమ్మకి కూడా పాజిటివ్, గదిలో తలుపేసుకుని ఉంది. తమ్ముడికి ఫ్లైట్ దొరకలా. అమ్మ పక్కన కూర్చుని ఏడ్చేదానికి ఒక్క మనిషి ఇంట్లోకి రాలేదు, రాకూడదు కూడా. ఆ పుస్తకాన్ని అమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొచ్చిందని మాకు గుడి దగ్గరే తెలిసింది. తమ్ముడు ఫోన్లో ఎప్పుడో ఆ గుడి గురించి చెప్తే గుర్తు పెట్టుకునింది. గురువారం పొద్దున చేప ఆకారంలో ఉన్న బండి ఒకటి మమ్మల్ని ఎక్కించుకుని అక్కడ దించింది, అమ్మ పుస్తకాన్ని ఒక చెక్క అల్మారాలో, ఎవరిదో పెళ్ళి ఫోటో పక్కన నిలబెట్టి, కొంగుతో దుమ్ము తుడిచి వచ్చేసింది.

మర్నాడు, సెప్టెంబర్ 1 సాయంత్రం, వాన మొదలైంది. కుండపోత కాదు, మనకి వాయుగుండం పడితే వచ్చే వానలో పదో వంతు ఉండదు. కానీ ఆ నేల నీళ్ళు తాగదు, పిండి ముద్దైపోయింది. గేట్లు మూసేశారు, బండ్లు కదపొద్దన్నారు, నీళ్ళు తిండి జాగ్రత్తగా వాడుకోండి అన్నారు. టాయిలెట్లు శుభ్రం చేసే లారీలు కూడా రాలేకపోయాయి, ఆర్వీలో మాకు సొంతంగా ఉండబట్టి సరిపోయింది, పెద్దవాళ్ళతో పోతే ఇది మాత్రం తప్పనిసరిగా చూసుకోండి. అమ్మ పుట్టిల్లు ఒంగోలు పక్కన, నల్లరేగడి పొగాకు చేలు. "ఈ నేల నాకు తెలుసు" అని చెప్పులు తీసి చేతిలో పట్టుకుని, బొటనవేలు ముందు దింపి, మడమ మెల్లగా మోపి ఎంత బాగా నడిచిందంటే, బూట్లకి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకున్న కుర్రాళ్ళు రెండడుగులకోసారి జారుతుంటే ఈమె పక్క క్యాంపుకి పోయి గ్యాస్ డబ్బా అడిగి తెచ్చింది.

అయితే అది రేగడి కాదు, క్షారపు నేల. రాత్రికి అరికాళ్ళు మంటలు, మడమలు ఎర్రగా పగిలాయి. ఒరెగాన్ నుంచి వచ్చిన ఒక పెద్దామె, అమ్మ వయసే ఉంటుంది, బకెట్లో నీళ్ళు, వెనిగర్ కలిపి తీసుకొచ్చింది. అడక్కుండానే ఆర్వీ మెట్ల కింద బురదలోనే కూర్చుని అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందుల్లో గట్టిపడిన మట్టిని గుడ్డతో నానబెట్టి నానబెట్టి తీసింది. అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంటా "వద్దమ్మా, పెద్దదానివి, పాపం తగుల్తుంది" అని తెలుగులోనే అంటా ఉంది. ఆమె ఏదో ఇంగ్లీషులో చెప్తా ఉంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు, అరగంట మాట్లాడుకున్నారు.

ఇక్కడ నెల్లూరులో ఆ టైంలో మా పిన్నికి వాట్సాప్‌లో అక్కడ ఎబోలా వచ్చిందని మెసేజ్ వచ్చిందంట, మాకేమో సిగ్నల్ లేదు, పాపం రెండు రోజులు నిద్ర పోలేదు. దయచేసి అట్టాంటివి ఫార్వార్డ్ చెయ్యబాకండి. ఎబోలా లేదు, ఏమీ లేదు. శనివారం మా దగ్గర ఉన్న బియ్యమంతా వండి అమ్మ నిమ్మకాయ పులిహోర కలిపింది, మా క్యాంపు వీధిలో వాళ్ళంతా తమ గిన్నెలు పట్టుకుని వచ్చారు, వేరుశెనగ పప్పులు ఏరుకుని ముందు తినేశారు అందరూ. "గూడూరు నిమ్మకాయ అయితే ఇంకా బాగుండేది" అని అమ్మ బాధ.

మ్యాన్‌ని సోమవారం రాత్రి కాల్చారు, అదే మధ్యాహ్నం గేట్లు తెరిచారు. చాలామంది వెళ్ళిపోయారు, మేమూ పోదామంటే అమ్మ కదలలా. మంగళవారం రాత్రి టెంపుల్. మ్యాన్‌కి పాటలు, అరుపులు, టపాకాయలు, దీనికి ఏమీ లేవు. అన్ని వేల మంది దుమ్ములో కింద కూర్చున్నారు, కట్టె చిటపటమనడం వినపడుతుంది. పైకప్పు ఒరిగినప్పుడు మా ముందున్న మీసాల ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు, అటు పక్క ఇంకెవరో. అమ్మ నాన్న పోయాక మా ముందు ఏడవలేదు, ఆ రోజు ఏడ్చింది, ఒరెగాన్ ఆమె భుజం మీద. రెండేళ్ళ మూడు నెలల తర్వాత. మా పాప నా చెయ్యి పట్టుకుని "తాతయ్య పుస్తకం ఏ పక్కన ఉంది" అని అడిగింది, చూపించాను.

కాబట్టి పోండి. ఆర్వీ బుక్ చేసుకోండి, దుమ్ముకి బాబుకి కళ్ళద్దాలు, మాస్కులు, వెనిగర్ నాలుగు బాటిళ్ళు, వానొస్తుందని నాలుగు రోజుల తిండి ఎక్కువ. రాత్రి చలి గట్టిగా ఉంటుంది, అమ్మానాన్నకి స్వెటర్లు. బయల్దేరే ముందు వాళ్ళని అడగండి, ఎవరిదైనా ఏదైనా తెచ్చుకుంటారేమో. గాజు, ఇనుము వద్దు, కాగితమో గుడ్డో, కాలిపోయేదే తెచ్చుకోమనండి.